కంభం చెరువులో మాకు దొరకని గది

నామీద ఉన్న అభియోగం ఇది: మా చిన్నమ్మ పల్లెలో, స్త్రీల సమాజం కూడికలో, ఒక పెద్దమనిషి సాక్ష్యం చెబుతుండగా నేను మధ్యలో లేచి ప్రశ్న అడిగాను. అవును, అడిగాను. సంజాయిషీ ఇవ్వడానికి కాదు, జవాబు చెప్పడానికే ఈ ప్రయాణం గురించి రాస్తున్నాను. మార్కాపురం నుంచి కంభం మీదుగా గిద్దలూరు దాకా ఒక్క పగటిలో చూసి రావాలనుకునేవారికి కావలసిన బస్సులు, భోజనం, దారి అన్నీ ఇందులో ఉన్నాయి. విహారయాత్రల పేరుతో మనుషుల కింద మనుషులను చేర్చే వ్యాపారం ఆ దారిలో ఏ చోట కూలిందో అది కూడా ఉంది.

మా చిన్నమ్మ కరుణమ్మది గిద్దలూరుకు దగ్గరి పల్లె. అక్కడి చర్చికి వెళ్లే ఆడవాళ్లు అన్నానికి ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో పోస్తారు. ఆదివారం ఆ బియ్యం చర్చికి చేరుతుంది. దానిని అమ్మగా వచ్చిన సొమ్ము చర్చిలోని స్త్రీల సమాజానిది. ఇన్నేళ్లూ అది ఎవరి ఆసుపత్రి ఖర్చుకో, ఎవరి పురుటికో, చర్చి గోడల సున్నానికో పోయింది. ఈ ఏడాది మొదటిసారి వాళ్లు తమ కోసం ఒకటి కోరుకున్నారు: సముద్రం చూడాలి. వాళ్లు ఎరిగిన దూర ప్రయాణం ఒక్కటే, మిరపకాయ కోతలకు గుంటూరు వైపు లారీలో పోవడం. కూలి లేని ప్రయాణం ఒక్కటి చేసి రావాలన్నది ఆ కోరిక.

సరిగ్గా ఆ సమయానికే ఒక ట్రావెల్ క్లబ్బు పల్లెలోకి దిగింది. దాని పేరు రాయను. ఇలాంటి వాటికి పేర్లు మారుతుంటాయి, పద్ధతి మారదు. సభ్యత్వం కడితే గదుల మీద, టికెట్ల మీద రాయితీ, కొన్ని ఉచిత కూపన్లు. కట్టినవారు తమ కింద ఇద్దరిని చేర్చాలి, ఆ ఇద్దరూ చెరొక ఇద్దరిని. కింద చేరినవారి సొమ్ములో పైవారికి వాటా. ఒకరి నుంచి మొదలుపెడితే పదో వరుసకే వెయ్యి మందికి పైగా కావాలి. ఆ పల్లెలో గడపలే మూడు వందలు లేవు. ఈ లెక్క ఎవరూ వేయలేదు, ఎందుకంటే క్లబ్బు తరఫున వచ్చి మనుషులను చేర్చుకునే లీడర్ లెక్క చెప్పలేదు, సాక్ష్యం చెప్పాడు. చిన్నమ్మ రెండు మేకలు అమ్మి చేరింది. ఇప్పుడు సమాజంలోని ఆడవాళ్లందరినీ పిడికిటి బియ్యం సొమ్ముతో తన కింద చేర్పిస్తే ఆమె మేకల డబ్బు తిరిగి వస్తుంది. శనివారం సాయంత్రం కూడికలో ఆ సొమ్ము లీడర్ చేతికి ఇవ్వాలని మాట అయిపోయింది.

శుక్రవారం మార్కాపురంలోని ఒక ఫంక్షన్ హాలులో ఆ క్లబ్బు సభ జరిగింది. నేను ఆ ఊళ్లోనే డిగ్రీ చదువుతున్నాను కనుక, సభకు వచ్చిన చిన్నమ్మ ఆ రాత్రికి నా గదికి చేరింది.

“రేపు మా లీడర్ వస్తాడు. నోరు మూసుకోని కూర్చుంటానంటే నాతో రా. లేదంటే ఈడనే ఉండు,” అంది.

“నీ కూపన్లలో కంభం చెరువు గట్టు మీద రిసార్టులో ఒక పగలు ఉచితం అని ఉంది కదా. రేపు దారిలో దిగి, అక్కడే భోజనం చేసి పోదాం. గది ఉంటే నీ కింద చేరే మొదటి మనిషిని నేనే.”

“లేకుంటే?”

“లేకుంటే బియ్యం సొమ్ము డబ్బాలోనే ఉండాలి.”

“నీకు డిబేట్లలో కప్పులిచ్చి చెడగొట్టినారే,” అంది చిన్నమ్మ. పందేనికి మాత్రం ఒప్పుకుంది. గది ఉంటుందని ఆమె నిజంగానే నమ్మింది. మూటలోంచి మంచి చీర తీసి పక్కన పెట్టుకుంది.

ఉదయం ఆరున్నరకు మార్కాపురం బస్టాండులో గిద్దలూరు బస్సు ఎక్కాము. ఊరు దాటగానే పలకల గనుల నుంచి ఎత్తిపోసిన రాతి గుట్టలు బూడిద రంగులో కనబడతాయి. కుడివైపు కిటికీ దొరికితే దూరాన నల్లమల కొండల వరుస చాలాసేపు వెంట వస్తుంది. కండక్టర్ మా ఆధార్ కార్డులు చూసి సున్నా టికెట్లు చింపి ఇచ్చాడు. ఆ టికెట్టు ముక్కను చిన్నమ్మ ముందు పెట్టి, ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణమే ఉచితమైనప్పుడు ప్రయాణంలో రాయితీ ఇప్పిస్తామనేవాడికి వేలు ఎందుకు కట్టాలని అడిగాను.

“ఇది బస్సు. అది విమానం,” అంది చిన్నమ్మ.

కండక్టర్ నవ్వాడు. “విమానంలో అయితే మీ మూటలు కాళ్ల కింద పెట్టుకోనియ్యరు అక్కా.”

గంట తిరక్కుండా కంభంలో దిగాము. బస్టాండు పక్కన ఇడ్లీలు తిని, చెరువు దాకా పోయి రావడానికి ఒక ఆటో మాట్లాడుకున్నాము. రాను పోను రెండు వందలు, కాసేపు ఆగడం కూడా అందులోనే. ఆటో నడిపే మస్తాన్ భాయ్ నడివయసు మనిషి, మాటకారి. రెండు కొండల మధ్య సందును ఒక్క గట్టుతో మూసి కట్టిన చెరువు అది. శతాబ్దాల నాటి ఆ గట్టు ఈనాటికీ చెక్కుచెదరలేదు. గట్టు మీద నిలబడితే నీళ్లు కొండల పాదాల దాకా పరుచుకుని ఉంటాయి. ఎండ ఎక్కకముందే, ఎనిమిదింటి లోపు చేరుకోండి. ఆ వెలుతురులో చూస్తే ఇది చెరువంటే నమ్మబుద్ధి కాదు.

చిన్నమ్మకు చెరువు పట్టలేదు. ఫోనులో కూపన్ తెరిచి, “ఈ రిసార్టు ఏడుందో కాస్త చూపించు నాయనా,” అంది.

మస్తాన్ భాయ్ ఫోను అందుకుని, కూపన్‌లోని మ్యాపును వేళ్లతో పెద్దది చేశాడు. చూసి, నీళ్ల వైపు చూసి, మళ్లీ ఫోను చూశాడు. గుర్తు పెట్టిన చుక్క గట్టు మీద లేదు. చెరువు నడిమధ్యన ఉంది.

“ఆడుంది మా. ఆ కొంగ వాలింది చూడు, దానికి కొంచెం అవతల,” అన్నాడు. “చేపలకు కట్టినట్టుండారు.”

నాకు నవ్వు ఆగలేదు. చిన్నమ్మ ముఖం చూసి ఆపుకున్నాను. మస్తాన్ భాయ్ కూడా నవ్వు మానుకున్నాడు. “మీరే మొదలు కాదులే మా. మొన్న బేస్తవారిపేట నుంచి ఒక జంట వచ్చినారు. పెండ్లిరోజంట. ఆ పిల్ల పట్టుచీర కట్టుకోని, పూలు పెట్టుకోని వచ్చింది. ఈ కూపనే. గట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పినా. కడాకు మా ఇంటికి పిలుచుకోని పోయి బిర్యానీ పెట్టించినా. ఏం చేసేది?”

చిన్నమ్మ అక్కడి నుంచే లీడర్‌కు ఫోను చేసింది. స్పీకరు పెట్టమని నేను సైగ చేశాను. పెట్టింది. ఆ మనిషి గొంతు తేనెలా ఉంది. “అక్కా, ఆ ప్రాపర్టీ అప్‌గ్రేడ్‌లో ఉంది. ఇంకో కూపన్ వేయిస్తాను. మీరు నెగటివ్ మనుషులతో తిరుగుతున్నట్టున్నారు, జాగ్రత్త. సాయంత్రం వస్తున్నాను కదా, ఈ సంగతి అక్కడ ఎవరి ముందూ ఎత్తకండి.”

చిన్నమ్మ ఫోను పెట్టేసింది. “గది లేకపోతే లేకపాయె. ఎత్తొద్దు అన్న్యాడు చూడు,” అంది.

పందెం నేను గెలిచాను. అయినా ఆ గెలుపుతో ఏమీ తేలలేదని నాకు తెలుసు. సొమ్ము డబ్బాలోనే ఉంటే చిన్నమ్మ మేకలు పోయినట్టే. గట్టు దిగువన రేకుల పాకలో ఒకావిడ చెరువు చేపల పులుసుతో భోజనం పెడుతుంది. మనిషికి వంద రూపాయలు, అన్నం ఎంతయినా. పదకొండుకే వండడం పూర్తవుతుంది, ఒంటిగంట దాటితే పులుసు దొరకదు. చిన్నమ్మ సగం తిని చేయి కడుక్కుంది. వండిన ఆవిడ ఊరుకోలేదు. “ఏందమ్మా, పులుసు బాగలేదా? బాగలేకపోతే చెప్పు, బాగుండి వదిలితే మాత్రం నాకు కోపం వస్తాది.” చిన్నమ్మ మళ్లీ కూర్చుని మిగిలినది తిన్నది.

మధ్యాహ్నం బస్సులో గిద్దలూరు గంట ప్రయాణం, అక్కడి నుంచి షేరు ఆటోలో పల్లె. నాలుగింటికి చర్చిలో కూడిక మొదలయ్యింది. పాట అయ్యాక సాక్ష్యాల సమయం. తెలియనివారికి ఒక మాట: సాక్ష్యం అంటే దేవుడు తన బతుకులో చేసిన మేలును నలుగురి ముందు నిలబడి చెప్పడం. చెప్పేవారిని మధ్యలో ఆపకూడదు, ప్రశ్నించకూడదు. చదువురాని మనిషి, కూలి మనిషి, పదిమందిలో ఎన్నడూ నోరు తెరవని మనిషి సైతం ఆ కాసేపు ఎవరి అడ్డూ లేకుండా మాట్లాడగలగడం కోసం పుట్టిన మర్యాద అది. దానిని నేను గౌరవిస్తాను.

నీలం కోటు వేసుకుని వచ్చిన లీడర్ ఆ మర్యాదనే ఆయుధం చేసుకున్నాడు. సభ్యత్వం తీసుకున్నాక దేవుడు తనకు గోవా చూపించాడన్నాడు, కేరళ పడవలో పడుకోబెట్టాడన్నాడు. ఆడవాళ్లు “స్తోత్రం” అన్నారు. ఆ వెంటనే, అదే ఊపిరిలో, సభ్యత్వం ధర చెప్పాడు. ఈ సాయంత్రమే కడితే కంభం రిసార్టులో ఒక పగలు ఉచితం అన్నాడు.

నేను లేచాను. “అయ్యా, ఆ రిసార్టులో మీరు ఏ గదిలో దిగారు?”

సమాజానికి పెద్ద అయిన మార్తమ్మ అవ్వ కళ్లజోడు సర్దుకుని, “ఏందమ్మే ఇది? సాక్ష్యం మధ్యలో లేస్తావా? కాలేజీలో ఇదేనా నేర్పేది?” అని గద్దించింది. లీడర్ చిరునవ్వు నవ్వాడు. నేను కూర్చున్నాను. నా జీవితంలో అంత తక్కువసేపు నడిచిన వాదన మరొకటి లేదు.

అతని సాక్ష్యం ముగిసింది. సొమ్ము డబ్బా బల్ల మీదికి వచ్చింది. అప్పుడు చిన్నమ్మ లేచి ముందుకు నడిచింది.

“నాది కూడా ఒక సాక్ష్యం ఉండాది,” అంది. “ఈ పొద్దు కంభం పోయినాము. నా కూపన్‌లో గది ఉన్నకాడ చెరువు నీళ్లుండాయి. ఆటో ఆయన చూపించినాడు, నా కండ్లతో చూసినా.”

లీడర్ కుర్చీలోంచి లేచాడు. “అక్కా, ఒక్క నిమిషం, అది అప్‌గ్రేడ్...”

“కూర్చో నాయనా,” అంది మార్తమ్మ అవ్వ. “సాక్ష్యం మధ్యలో మాట్లాడగూడదు. ఇందాక ఆ పిల్లకు చెప్పిందే నీకూనూ.”

అతను నిలబడే ఉన్నాడు. “కూర్చోమంటే కూర్చోవేందయ్యా!” అని వెనకనుంచి రెండు మూడు గొంతులు లేచాయి. కూర్చున్నాడు.

చిన్నమ్మ ఆగలేదు. “నేను రెండు మేకలు అమ్మి కట్టినా. మీరందరూ చేరితే నా మేకల డబ్బు నాకు వస్తాది. అందుకే మిమ్మల్ని పిలిచినా. విమానం కోసరం కాదు. మీరు మీ బిడ్డల అన్నంలో నుంచి తీసిన పిడికెడు, నా మేకలకు పెట్టబోయినా. వద్దు. నా మేకలు పోతే పోనీ. ఇదే నా సాక్ష్యం.”

మార్తమ్మ అవ్వ “స్తోత్రం” అంది. చర్చి మొత్తం అంది. అంత గట్టిగా ఆ మాట అక్కడ నేను ఎన్నడూ వినలేదు. డబ్బా బల్ల మీదినుంచి బీరువాలోకి పోయింది. నీలం కోటు మనిషి కారు మలుపు తిరిగేలోపే పిల్లలు దాని వెనక కేకలు పెట్టారు.

రెండు వారాల తరువాత ఆ ఆడవాళ్లందరూ సముద్రం చూశారు. గిద్దలూరు నుంచి ఒంగోలుకు తెల్లవారుజాము ఎక్స్‌ప్రెస్ బస్సు, ఒంగోలు నుంచి కొత్తపట్నం తీరానికి పల్లెవెలుగు. రెండింటిలోనూ సున్నా టికెట్టే. పిడికిటి బియ్యం సొమ్ములో భోజనాలకు పోగా ఇంకా మిగిలింది. మార్తమ్మ అవ్వ మోకాలి లోతు నీళ్లలో నిలబడి, “ఇంత నీళ్లుండాయే, ఒక్క గదైనా కట్టలేదే ఆ నీలం కోటాయన,” అంటే చిన్నమ్మతో సహా అందరూ విరగబడి నవ్వారు. మేకల డబ్బు ఇంకా రాలేదు. గిద్దలూరు పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాము. మనిషిని చేర్చినందుకే డబ్బు పంచే పథకాలను మన చట్టం నిషేధించింది. ఫిర్యాదు మీద చిన్నమ్మ ఒక్కతే సంతకం చేసి రాలేదు. సమాజం మొత్తం ఆమె వెంట స్టేషన్ మెట్లెక్కింది.

ఇప్పుడు నా జవాబు. సాక్ష్యానికి అడ్డు చెప్పరాదన్న నియమం జరిగినది చెప్పేవారిని కాపాడడానికి పుట్టింది, అమ్మేవారిని కాపాడడానికి కాదు. ధర పలికిన క్షణాన అతనిది బేరం అయిపోయింది. బేరంలో ప్రశ్న అడగడం కొనేవారి హక్కు. ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోక తప్పదు. ఆ రోజు గెలిచింది నా ప్రశ్న కాదు, చిన్నమ్మ సాక్ష్యం. నష్టపోయిన మనిషి తన నష్టాన్ని నలుగురిలో చెప్పుకోడనే ధీమా మీదనే ఈ వ్యాపారం నడుస్తుంది. ఆ ధీమాను మా చిన్నమ్మ ఒక్క సాయంత్రంలో పడగొట్టింది.

ప్రయాణికులకు ఒక్క సలహా: ఏ క్లబ్బు ఇచ్చిన కూపన్ అయినా, మరొకరిని చేర్చకముందే, మీకు దగ్గరి ఊరి కూపన్ తీసుకుని ఒకసారి వెళ్లి గది తలుపు తట్టి చూడండి. ఇక మీ ముందు నా డిమాండు ఇది. మీ ఇంట్లో, మీ సంఘంలో, మీ వీధిలో ఇలా డబ్బు పోగొట్టుకుని సిగ్గుతో నోరు మూసుకున్న మనిషి ఒకరు తప్పక ఉంటారు. ఈ వారమే వాళ్లను నలుగురి ముందు నిలబెట్టి మాట్లాడనివ్వండి. వాళ్లు మాట్లాడుతున్నంతసేపు, మధ్యలో లేచినవాడిని కూర్చోబెట్టండి.