వన్స్ మోర్ అన్నది నేనే

మా అమ్మ పద్యనాటకాల్లో వేషాలు కట్టేది. దెయ్యం వేషం కూడా కట్టింది. ఆ సవరానికి చిక్కులు తీసిందీ, ముఖానికి తెల్లరంగు పులిమిందీ నేనే. అలాంటిదాన్ని, దెయ్యాలకు భయపడతానా? ఇప్పటికీ నమ్మను. అయినా అబుదాబిలో జరిగింది జరిగినట్టు చెబుతాను. మధ్యలో నాకు కోపం వస్తే రానీండి, అది ఇంకా చల్లారలేదు.

మాది రాజోలు దగ్గర. కరోనా తగ్గాక ఒక అమెరికావాళ్ళ విల్లాలో వాళ్ళ పెద్దావిడను చూసుకునే పనికి కుదిరాను. తొంభై దాటిన మనిషి. అందరం పెద్ద మేడమ్ అనేవాళ్ళం. వయసులో ఉన్నప్పుడు ఆవిడ న్యూయార్క్‌లో నాటకాల నటి. మొదట్లో హీరోయిన్‌కు జ్వరమొస్తే ఆ పాత్ర వేయడానికి తెర వెనకాల కాచుకుని ఉండేదట. ఓ సాయంత్రం నిజంగానే జ్వరమొచ్చింది. ఇక చూస్కోండి, రైళ్ళెక్కి ఊరూరా తిరిగి ఆడింది. పెళ్ళయ్యాక మొగుడు వద్దన్నాడు. మళ్ళీ ముఖానికి రంగు పూయలేదు. కొడుకు ఆ తరవాత పుట్టాడు.

మధ్యాహ్నం భోజనమయ్యాక మంచం పట్టుకుని లేచి నిలబడి తన పాత నాటకంలో మాటలు చెప్పేది. అందులో ఇంట్లోంచి గెంటేసిన కూతురు తిరిగొచ్చి గుమ్మం బయట నిలబడి అనే మాటలు ఆవిడకు పేరు తెచ్చాయి. "తలుపు తీయండి. బిచ్చానికి రాలేదు, నా ఇంటికి వచ్చాను." ఇంగ్లీషులో ఆవిడ అంటుంటే నా ఒళ్ళు జలదరించేది. మా వైపు పద్యం బాగుంటే ఊరుకుంటామా? చప్పట్లు కొట్టి "వన్స్ మోర్!" అని అరిచాను. ఆవిడకు కోపమొచ్చింది. నాటకం మధ్యలో అలా అరవడం వాళ్ళలో మర్యాద కాదట. మా ఊళ్ళో అది దండ వేయడంతో సమానమని చెప్పాను. అప్పట్నుంచీ నేను అరవకపోతే ఊరుకునేది కాదు.

ఆవిడకు ఒకటే కోరిక. కొడుకు ఒక్కసారి కూర్చుని వినాలి. ఎన్నిసార్లు పిలిచిందో! ఆవిడ నోరు విప్పగానే ఆయన ఫోను పట్టుకుని బయటికి పోయేవాడు. కోడలైతే మొహం మీదే, "ఖలాస్ మమ్మా, నీ నాటకం ఆపు" అనేది. మా అమ్మనూ ఊళ్ళో నాటకాలది అనేవాళ్ళు. వేషం కట్టి బతికినవాళ్ళంటే ఎంత లోకువండీ! కాసేపు కూర్చుంటే ఆయన సొమ్మేం పోయింది?

ఆ కోరిక తీరకుండానే ఆవిడ పోయింది. శవాన్ని వాళ్ళ దేశం పంపించాక కోడలు ఆ గదికి తాళం వేసి, తాళంచెవి తన బ్యాగులో వేసుకుంది.

ఆ వారంలోనే ఓ మధ్యాహ్నం పరామర్శకు మనుషులొచ్చారు. డ్రైవర్ మల్లేశం, జగిత్యాల మనిషి, కుర్చీలు సర్దుతున్నాడు. నేను టీ తెచ్చాను. ఆవిడ నటి కదా అని ఎవరో అడిగారు.

"అబ్బే, ఏవో చిన్నాచితకా వేషాలు. మిగతాదంతా అమ్మ కల్పనే" అన్నాడు కొడుకు.

సరిగ్గా అప్పుడే తాళం వేసిన గదిలోంచి వినబడింది. "తలుపు తీయండి. బిచ్చానికి రాలేదు, నా ఇంటికి వచ్చాను." మంచంలో మూలిగే గొంతు కాదు, ఆఖరి వరస దాకా వినబడే గొంతు. కొడుకు చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది.

"అక్కా, గిది పెద్ద మేడమ్ గొంతే గదా!" అన్నాడు మల్లేశం.

నాకు భయం వేయలేదంటే నమ్మండి. ట్రే పట్టుకునే "వన్స్ మోర్!" అని అరిచాను.

మళ్ళీ వచ్చింది, మొదటినుంచీ. మళ్ళీ అక్కడే ఆగింది.

అది టీవీ అయ్యుంటుంది అంది కోడలు. హాల్లో టీవీ ఆపేసి ఉంది, ఆ గదిలో అసలు టీవీయే లేదు. మనుషులు వెళ్ళాక తాళం తీసి చూస్తే దులిపి పరిచిన పరుపు తప్ప ఏమీ లేదు. నేనేమో అతిథుల ముందు అరిచి పరువు తీశానట! వీసా క్యాన్సిల్ చేసి పంపించేశారు.

ఎయిర్‌పోర్టులో కొడుకే దింపాడు. కారు ఆపాక అడిగాడు, "నా ఇంటికి వచ్చాను అన్నాక అమ్మ ఏమంటుంది?"

"ఇంకేమీ అనదు సార్. లోపలున్నవాళ్ళు లేచి తలుపు తీయాలి" అని చెప్పి దిగిపోయాను.

ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. మల్లేశం అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. ఆ గదికి ఇప్పుడు తాళం వేయడం లేదట.