తునికాకుకు పట్టిన నా తెలివి

ఆ రోజుల్లో ఫోనులో కనబడేదే నిజమని, మనుషులు చెప్పేదంతా అనుమానించదగినదని గట్టిగా నమ్మేవాణ్ణి. ఇప్పుడూ కొంత నమ్ముతాననుకోండి, కానీ అప్పుడున్న ధైర్యం వేరు. నాకు ఇరవై ఏళ్లు, డిగ్రీ రెండో ఏడు. కెమిస్ట్రీ ఒక్కటే తప్పాను (ఒక్కటే అని ఎన్నిసార్లు చెప్పినా మా బాపు దాన్ని మొత్తం డిగ్రీ కిందే జమ కట్టాడు). హుజూరాబాద్ దగ్గర మా ఊళ్లో ఎండాకాలమంతా నేను కూలర్ ముందు పండుకుని ఉంటే చూడలేక, "పో, మీ మామ కాడికి పో. ఆకు కల్లంల కూసో. జర బుద్ధన్న వస్తది" అని ఆదిలాబాద్ బస్సెక్కించాడు.

మా మేనమామ అక్కడ అడవి అంచున ఒక ఊళ్లో తునికాకు కల్లెదారు. బీడీలు చుట్టే ఆకు అది. ఊరి ఆడవాళ్లు అడవిలో కోసి, యాభై ఆకులకో కట్ట కట్టి తెస్తే, వాటిని కల్లంలో వరుసలుగా పరచి, ఎండబెట్టి, తిరగేసి, చివరికి సంచుల్లో కుక్కి కంపెనీకి పంపడం ఆయన పని. వినడానికి ఇంతే. అసలు సంగతంతా ఆఖరి సాయంత్రమే ఉంటుంది. ఎండిన ఆకును అలాగే సంచిలో కుక్కితే పొడి పొడి అవుతుంది. అందుకని పొద్దు వాలాక కాసిన్ని నీళ్లు చిలకరించి, పైన పరదాలు కప్పి, తెల్లారి ఎండ తగలకముందే సంచుల్లోకి ఎత్తాలి. తడి తక్కువైతే ఆకు నలిగిపోతుంది, ఎక్కువైతే సంచిలోనే ఉడికి బూజు పడుతుంది. ఆ రెండింటి మధ్య సరైన తడి ఎంతో ఊరు మొత్తంలో తెలిసింది ఒక్క మనిషికే.

ఆమెను చెవుల పెద్దవ్వ అనేవాళ్లు. అసలు పేరు ఉండే ఉంటుంది, నేను అడగలేదు. కట్టను చెవి దగ్గర పెట్టుకుని, మెల్లగా నొక్కి, కళ్లు మూసుకుని వినేది. "ఇంకో ఎండ కావాల్నంటుంది" అనేది. లేదంటే "ఇగ సాలంటుంది" అనేది. ఆకు ఏమంటే మామ అదే చేసేవాడు. ఎంత పెద్ద మనిషి, ఒక ఆకు మాట వింటున్నాడే అని నాకు నవ్వొచ్చేది. కానీ ఆ ఏడు నవ్వులాటకు చోటు లేదు. నిరుడు వానకు ఆకు నల్లబడిందని కంపెనీ వాళ్లు గుర్రుగా ఉన్నారు. ఈసారి కూడా ఆకును పరీక్షించడానికి వచ్చే చెకర్ బాగాలేదంటే ఆ ఊరి కల్లం ఎత్తేస్తామని చెప్పేశారు. ఎత్తేస్తే ఆడవాళ్లు పొద్దంతా కోసిన ఆకును నెత్తిన పెట్టుకుని, వాగు దాటి అవతలి ఊరి కల్లానికి మోయాలి. పెద్దవ్వ మోకాళ్లకు అది అయ్యే పని కాదు. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు గానీ, ఆ వారం మాత్రం కట్టను ఎప్పటికంటే ఎక్కువసేపు చెవి దగ్గర పెట్టుకునేది.

సరిగ్గా ఆఖరి రోజున మామ మెట్‌పల్లిలో దగ్గరివాళ్ల పెళ్లికి పోవాల్సి వచ్చింది. "అల్లుడా, రేపు పొద్దుగాల చెకర్ వస్తడు, గాయన కంటె ముందుగాల్నే నేనొస్త. నీళ్ల సంగతి పెద్దవ్వ జూస్కుంటది. నువ్వు బకెట్లు మొయ్యి, గంతే" అని చెప్పి పోయాడు. ఆ 'గంతే' నాకు గుచ్చుకుంది. కెమిస్ట్రీ రెండేళ్లు చదివినవాణ్ణి (తప్పడం వేరే సంగతి, చదవడం చదివాను కదా) పట్టుకుని బకెట్లు మోయమంటాడా!

పెద్దవ్వ వేపమండను బకెట్లో ముంచి విదిలించడం మొదలుపెట్టింది. ఒకచోట చెంబెడు పడుతోంది, ఇంకోచోట చుక్క లేదు. ఫోను తీసి చూస్తే గాలిలో తేమ ఇరవై రెండు శాతం అని ఉంది. ఇక నేను ఆగలేదు. "పెద్దవ్వా, నువ్వు వొయి చాయ తాగు. నేను మిషినుతోని అంతట సమానంగ కొడ్త" అన్నాను. ఆమె నన్ను కింది నుంచి మీదిదాకా చూసింది. "కొట్టు మరి, సదువుకున్నోనివి. జర పల్చగ కొట్టు" అని మండ నా చేతికిచ్చి పోయింది. మిషిను ఏదో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. మామ కొట్టంలో గోడకు వేలాడుతున్న పంపు అది. వీపుకు తగిలించుకుని, వానాకాలంలో పత్తికి పురుగుమందు కొట్టే పంపు. కడగకుండా వాడేంత తెలివితక్కువవాణ్ణి కాను. రెండుసార్లు కడిగాను. ఈ మాట అప్పటి నుంచి చాలామందికి చెప్పాను, ఎవరూ పట్టించుకోలేదు.

నీళ్లు మంచులాగా పడుతుంటే ఎంత అందంగా ఉందో! ఒక చేత్తో పంపు గొట్టం పట్టుకుని, ఇంకో చేత్తో వీడియో తీసి, 'స్మార్ట్ కల్లం' అని స్టేటస్ పెట్టాను. అంతలో పెద్దవ్వ వచ్చింది. కల్లం అంచున ఆగి ముక్కు ఎగబీల్చింది.

"ఎవలన్న పత్తికి మందు కొడుతున్నరా?"

"ఎండకాలంల పత్తేంది పెద్దవ్వా!" అని నవ్వాను. సగం నవ్వులో నాకూ వాసన వచ్చింది.

ఆమె నా వీపు మీది పంపు చూసింది. "నీ సదువు సట్టుబండలుగాను! గీ ఆకుతోని బీడి తాగినోడు బతుకుతడారా?" అని నెత్తి మీద చేతులు పెట్టుకుంది. తరువాత ఇళ్ల వైపు తిరిగి, "ఓ అక్కా, ఓ సెల్లే, ఉర్కి రాండ్రి!" అని పెట్టిన కేకకు పది మంది ఆడవాళ్లు చేతుల్లో పనులు వదిలేసి వచ్చారు. పరదాలు కప్పకముందే మందు పడ్డ కట్టలు ఏరేయాలి, లేకపోతే తెల్లారేసరికి కల్లమంతా అదే వాసన. "యాడిదాక కొట్టినవ్?" అని అడిగింది పెద్దవ్వ. నేను వీడియో తీసుకుంటూ కొట్టాను, నాకేం తెలుసు? కింద నేల ఇంకా కాలుతూనే ఉంది, పడ్డ తడి పడ్డట్టే ఆరిపోయింది. ఏ కట్ట చూసినా ఒక్కటే తీరు. ఇక ఒక్కటే దారి, ఒక్కో కట్టనూ వాసన చూడటం.

అందరూ వరుసల్లో గొంతుకూర్చున్నారు. కట్ట ఎత్తడం, ముక్కు దగ్గర పెట్టడం, దించడం. పాపం తగ్గించుకుందామని నేనూ కూర్చున్నాను. మొదటి కట్ట, వాసన. రెండోది, వాసన. పది చూస్తే పదీ వాసనే. ఇంకో మూలకు ఉరికి అక్కడిది చూశాను, అదీ వాసనే. "పెద్దవ్వా, మొత్తం పోయింది! ఒక్కటి సుత మిగల్లే!" అన్నాను. ఏడుపు ఒక్కటే తక్కువ. ఆమె లేచి వచ్చి, నా చేతిలోని కట్ట తీసుకుని వాసన చూసింది. తరువాత నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది. "వాసన కట్టది గాదు పిలగా, నీది. దూరం జరుగు" అంది.

అలా నన్ను గాలివాలుకు అవతల, బోరింగు గద్దె మీద కూర్చోబెట్టారు. సబ్బు పెట్టి కడుక్కున్నాను, బూడిద పెట్టి తోముకున్నాను, అయినా దగ్గరికి రానివ్వలేదు. నా తెలివిని పది మంది ముక్కులతో ఏరుతుంటే చూస్తూ కూర్చోవడం కంటే సిగ్గు నా జన్మలో లేదు. అది చాలదన్నట్టు వాళ్లలో ఒకామెకు దుబాయి నుంచి కొడుకు ఫోన్ చేశాడు (వరసకు నాకు బావ, స్టేటస్ చూశాడట). "అవ్వా, మన కల్లంల మందు కొడుతున్నరేంది?" అని అడుగుతున్నాడు. సముద్రం అవతల ఉన్నవాడు కూడా పంపును గుర్తుపట్టాడు. నా ఫోనుకే తెలియలేదు.

చీకటి పడేలోపు ఆరు వరుసలు తీసేసి గుంటలో పూడ్చారు. మిగతా ఆకుకు పెద్దవ్వే వేపమండతో నీళ్లు చిలకరించింది, చెవి దగ్గర పెట్టుకుని విన్నది, పరదాలు కప్పించింది. తెల్లారి సంచులు కుట్టే వేళకు మామ దిగాడు.

"గా మూల ఖాళీ ఏంది?"

"మేకలు వడ్డయి" అంది పెద్దవ్వ, తల ఎత్తకుండా.

మామ నా దగ్గరగా వచ్చి, ఒక్కసారి గాలి పీల్చాడు. "మేకలు పంపు సుత ఏసుకొని వచ్చినయా?" అన్నాడు. సంచులు లెక్కపెట్టడానికి పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

చెకర్ వచ్చాడు. కరీంనగర్ నుంచి వచ్చే పెద్ద మనిషి, అందరూ చాచా అనేవాళ్లు. ఒక సంచిలోకి మోచెయ్యి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి ఒక కట్ట లాగాడు. నొక్కాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాచా తుమ్మాడు. మళ్లీ తుమ్మాడు. మూడోసారి తుమ్మేసరికి పెద్దవ్వ రెండు చేతులూ మోకాళ్ల మీద వేసుకుని కళ్లు మూసుకుంది. చాచా దస్తీతో ముక్కు తుడుచుకుని, "ముక్కుపొడి జర ఎక్కువైంది భాయ్. ఫికర్ చేయకుండ్రి, ఆకు మస్తుగుంది. పోయినేడు గిట్లెందుకు రాలే?" అన్నాడు. ఆడవాళ్లంతా ఒక్కసారి నవ్వారు. పెద్దవ్వ నవ్వలేదు. మోకాళ్లు పట్టుకుని లేచి, "ఇగ నేను ఇంటికి పోత, రాత్రి నిద్ర లేదు" అని మెల్లగా నడిచి పోయింది.

మరుసటి ఏడు మామ ఫోన్ చేసి, "అల్లుడా, కల్లం వడ్డది, రా. పంపు మాత్రం ముట్టకు" అన్నాడు. ఆ ఊళ్లో కల్లం ఇప్పటికీ ఏటా తెరుస్తూనే ఉన్నారు. నేను జమ్మికుంటలో ఒక పత్తి గోదాములో పని చేస్తున్నాను, గాలిలో తేమ ఎంతో ఎర్ర అంకెల్లో చూపించే డబ్బా నా నెత్తి మీదే ఉంటుంది. మొన్న ఎండాకాలం మామను చూడబోయినప్పుడు కల్లం దగ్గరికి పోయాను. పెద్దవ్వ అక్కడే కూర్చుని ఉంది. చెవులు పూర్తిగా పోయాయట, పేరు మాత్రం పోలేదు. నన్ను గుర్తుపట్టి, దగ్గరికి పిలిచి, ముందు నా రెండు చేతులూ వాసన చూసింది. తృప్తి పడ్డాక ఒక కట్ట తీసి నా చెవి దగ్గర పెట్టి, తనే మెల్లగా నొక్కింది. "ఏమంటుంది?" అని అడిగింది, నా పెదవుల వైపే చూస్తూ. ఆకు గలగలమంది. అంతకుమించి నాకేమీ అర్థం కాలేదు. కానీ ఆ గలగలలో ఎక్కడో కొంచెం మెత్తదనం మిగిలి ఉందేమో అనిపించింది.

"ఇంకో ఎండ కావాల్నంటుంది పెద్దవ్వా" అన్నాను.

"నాకు సుత గట్లనే అనిపించింది" అని ఆమె కట్టను మళ్లీ వరుసలో పెట్టేసింది.