ఉప్పు మోసిన లారీ

పోయిన నెలలో మా అత్త మనవడు తన చిన్న ట్రాలీ బండిని ఎఫ్‌సీకి అంటే ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకుపోతూ, ఇంట్లో ఊరికే కూర్చుని ఏం చేస్తావు, తోడు రమ్మని నన్నూ ఎక్కించుకుపోయాడు. అత్త అంటే మా మేనమామ భార్య. నలభై ఏళ్లు లారీల కింద వెల్లకిలా పడుకుని బరువు మోసే కమాన్ కట్టలు విప్పి బిగించినవాణ్ణి కాబట్టి, నేను పక్కనుంటే బండి పాసవుతుందని వాడి నమ్మకం. తీరా పోయి చూస్తే అక్కడ నాతో పనే లేదు. బండిని ఏవో ఇనుప రోలర్ల మీదికి ఎక్కించారు, అది కాసేపు గడగడ వణికింది, కింద గుంతలోంచి ఎవరో లైటు వేసి ఫోటోలు తీశారు, చివరికి ఒక కాగితం బయటికొచ్చింది. వెనక కమాన్ కట్ట పట్టుకునే చోట ఛాసిస్ చట్రాన్ని తుప్పు తినేసిందనీ, బండి ఫెయిలనీ అందులో ఉంది. వాడు ఆ కాగితం నా చేతిలో పెట్టి, ఇంటికి పోయి తుప్పు బొక్కలు మూసేలా కాస్త లప్పం పెట్టి నల్లరంగు కొట్టి మళ్లీ తెద్దామన్నాడు. లప్పం అన్న మాట చెవిన పడగానే అక్కడే ఒక సిమెంటు దిమ్మె మీద కూర్చుండిపోయాను.

మన కాలంలో ఎఫ్‌సీ అంటే లారీకి పెళ్లిచూపులే అని నా ఈడువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వారం ముందునుంచే షెడ్డులో హడావిడి. పాత రంగు గీకి కొత్త రంగు వేయడం, వెనక పలక మీద తామరపువ్వులూ నెమళ్లూ రాయించడం, అరిగిన టైర్లు విప్పేసి తెలిసినవాళ్ల లారీవి ఒక పూటకు అడిగి తెచ్చి బిగించడం, సాయంత్రానికల్లా ఎవరివి వాళ్లకు ఇచ్చేయడం. దీన్ని మేమెవరమూ మోసం అనుకోలేదు. పెళ్లిచూపుల రోజు పిల్ల మెడలో పక్కింటావిడ గొలుసు వేయడం లేదా ఏమిటి, ఇదీ అంతే అనుకునేవాళ్లం.

ఆ రోజుల్లో మా ఊరికి వచ్చిన బ్రేకు ఇన్‌స్పెక్టరు మాత్రం రంగులు చూసి మురిసే రకం కాదు. ఆయన జేబులో ఒక చిన్న సుత్తి ఉండేది. లారీ కింద వంగి కమాన్ పట్టీల మీదా, వాటిని ఛాసిస్‌కు పట్టి ఉంచే బ్రాకెట్ల మీదా ఒక్కొక్క దెబ్బ కొట్టి చెవి ఒగ్గి వినేవాడు. మంచి ఇనుమైతే గణగణమంటుంది, తుప్పు తిన్నదైతే మట్టికుండ మీద కొట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. ఒకసారి మా షెడ్డుకొచ్చిన బండిలోనే పట్టీ విరిగిందని నేనే నోరు విప్పి ఆయనకు చెప్పాను, మంచి గిరాకీ పోయింది కూడా. అప్పటినుంచి ఆయనకు నా మీద గురి కుదిరింది. నా చేతి మీదుగా వచ్చిన లారీ అయితే, నువ్వు చూసినావా అప్పా అని ఒక్కమాట అడిగేవాడు, చూశానంటే సుత్తి బయటికి తీసేవాడు కాదు. చదువు లేని నాకు అంతకు మించిన పట్టా ఏముంటుంది? ఆ గర్వంతో ఊళ్లో కాలర్ ఎగరేసుకుని తిరిగాను, పాడు గర్వం.

ఇక మామ సంగతి. మా నాయన పోయాక నన్ను తన ఇంటికి తెచ్చుకుని, తన పిల్లలతోపాటు సంగటి ముద్ద పెట్టి, స్పానరు పట్టుకోవడం నేర్పినవాడు ఆయన. ఆయనకు ఒకే ఒక్క లారీ. బేతంచెర్ల నుంచి నాపరాయి ఎక్కించుకుని నెల్లూరు వైపు సముద్రపుటొడ్డు ఊళ్లకు పోయేవాడు, వచ్చేటప్పుడు ఖాళీగా రావడమెందుకని ఉప్పు వేసుకొచ్చేవాడు. మన సీమ బండి ఎండకు వెలిసిపోతుంది గానీ తుప్పు పట్టదని మాలో ఒక మాట. వాన లేని చోట తుప్పెక్కడిదని మా ధీమా. ఉప్పు మూటల నుంచి కారిన నీళ్లు ఛాసిస్ సందుల్లో చేరి తింటూ ఉన్నాయన్న ఆలోచన ఎవరికీ రాలేదు. వచ్చినా కడిగేదెవరు? తాగే నీళ్లకే బిందెలు వరుసలో పెట్టే ఊళ్లో లారీకి నీళ్లు పోస్తే ఆడవాళ్లు ఊరుకుంటారా?

ఆ ఏడు ఎఫ్‌సీకి రెండు రోజుల ముందు నేను మామ లారీ కిందికి దూరి, ముందర ఎడమవైపు బ్రాకెట్ దగ్గర అనుమానమొచ్చి స్క్రూడ్రైవరుతో పొడిచి చూశాను. అది పిండిలోకి దిగినట్టు దిగింది. ఆ ముక్క కోసేసి కొత్త పలక వెల్డింగు చేయాలి, పదిరోజుల పని అని చెప్పాను. నాపరాయి ఫ్యాక్టరీ దగ్గర లోడు వరుస ప్రకారం ఇస్తారు, ఆయన వరుస ఆ వారంలోనే ఉంది, తప్పితే మళ్లీ నెల రోజులు లారీ ఇంటిముందు నిలబడాల్సిందే. మామ నా భుజం మీద చెయ్యి వేసి, "ఈ ఒక్క ట్రిప్పు పోయొస్తానప్పా, వచ్చినంక నువ్వెట్ల చెప్తే అట్ల" అన్నాడు. అన్నం పెట్టిన మనిషికి ఎదురు చెప్పే నోరు నాకు లేకపోయింది. తుప్పు బొక్కల్లో లప్పం కూరాను, ఆరాక నల్లరంగు కొట్టాను, కొత్త రంగని తెలియకుండా పైన పాత ఇంజనాయిలు పూసి రోడ్డు మీది దుమ్ము చల్లాను. నా పనితనమంతా అక్కడ చూపించాను, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఎఫ్‌సీ రోజున ఇన్‌స్పెక్టరు ఎప్పట్లాగే నా వైపు తిరిగి, "నువ్వు చూసినావా అప్పా?" అన్నాడు.

"చూసినా సార్. బాగుండాది."

ఆయన సంతకం పెట్టేశాడు.

నాలుగో రోజు లోడుతో బయల్దేరిన మామ లారీ మా తాలూకా కూడా దాటలేదు. దిగుడులో బ్రాకెట్ ఊడి, ముందు ఇరుసు వెనక్కి జరిగి, లారీ ఎడమకు లాగేసి వంకలో పడింది. వెనకున్న నాపరాళ్లన్నీ ముందుకు దూకి క్యాబిన్‌ను నలిపేశాయి. మామ అక్కడే పోయాడు. చివరికి ఆ బండ కిందే పోవాలా ఆయన?

ప్రమాదం జరిగిన బండిని చూసి రిపోర్టు రాయాల్సిందీ ఆ ఇన్‌స్పెక్టరే. వంకలోకి దిగి, ఊడిన బ్రాకెట్ ముందు గొంతుక్కూర్చుని గోటితో గీకాడు. లప్పం పెచ్చుగా లేచి వచ్చింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని నన్ను దగ్గరికి పిలిచాడు. తిడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది.

"నువ్వు చూసినావనే నేను చూడలేదప్పా" అన్నాడు, అంతే.

తుప్పు వల్లే జరిగిందని ఆయన ఉన్నదున్నట్టు రాశాడు. ఆ తుప్పు బండికి ఎఫ్‌సీ ఇచ్చింది ఎవరని పైవాళ్లు అడిగితే తన పేరే చెప్పాడు, నా పేరు ఎత్తలేదు. ఆయన్ను ఉద్యోగంలోంచి పక్కన పెట్టారని విన్నాను. తర్వాత ఏమయ్యాడో నేను కనుక్కోలేదు. కనుక్కునే ముఖం ఎక్కడిది నాకు?

అత్త మాత్రం ఈ ముప్పయ్యేళ్లూ ఆయన్నే శపిస్తూ వచ్చింది. మామ తద్దినం నాడు విస్తరి వేసిన ప్రతిసారీ, ఆ ఇన్‌స్పెక్టరు కండ్లు మూసుకుని సంతకం పెట్టి తన పసుపు కుంకుమ తుడిచేశాడని అనేది. నన్ను మాత్రం, ఆ బండికి కొడుకుకన్నా ఎక్కువ చాకిరీ చేసినావని మెచ్చుకుని వడ్డించేది. నేను తలవంచుకుని తినేవాణ్ణి.

బండి ఫెయిలైన రెండో రోజు ఆమె కబురు పెట్టింది. లప్పం పెట్టనన్నానని మనవడు చెప్పినట్టున్నాడు. పోగానే, ఇంటివాళ్ల పిల్లోడికి ఆమాత్రం చేసిపెట్టవా అని నిష్ఠూరమాడింది. అప్పుడు ఆమె మంచం పక్కన కింద కూర్చుని, స్క్రూడ్రైవరు దిగిన దగ్గరనుంచి ఇన్‌స్పెక్టరు అరచేతిలోని పెచ్చు దాకా అంతా చెప్పేశాను. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అత్త గోడ మీది మామ ఫోటో వైపు గానీ నా వైపు గానీ చూడలేదు. ఇప్పటి యంత్రాలు ఎవరి మాటా అడగవు, చూసినావా అప్పా అని ఎవరినీ నమ్మవు, అదే మంచిదేమో అనుకుంటూ కూర్చున్నాను. ఒక మనిషి ఇంకో మనిషి మాట మీద సంతకం పెట్టే రోజులు పోవడంలో నా చెయ్యీ ఉందని కూడా అనుకున్నాను.

ఆమె మంచం మీద నా వైపు తిరిగింది.

"ఆ ఇన్‌స్పెక్టరుకు పెండ్లాం బిడ్డలు ఉండిరా అప్పా?"

తెలియదత్తా అన్నాను. ముప్పయ్యేళ్లలో ఆ మాట నేనెవర్నీ అడగలేదు.