పెదవులతో చదివే పెద్దాయన

నాంపల్లి గ్రంథాలయంలో రోజూ నా ఎదుట కూర్చునే ఆ పెద్దాయన పెదవులు కదుపుతూ చదివేవారు. గొంతు వినిపించదు కానీ, ఏ వార్త చదువుతున్నారో పెదవులను బట్టి చెప్పేయవచ్చు.

నేను కాలేజీ చూడలేదు. ఆ బల్ల దగ్గరా, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాల్లోనూ నేర్చుకున్నదంతా గర్వంగా ఫోన్లో మార్క్‌డౌన్ అనే సాదా టెక్స్ట్ పద్ధతిలో నోట్సుగా రాసుకునేవాణ్ణి. మొన్న వేసవిలో ఆ ఫోల్డరు మొత్తాన్ని ఒకేసారి వెబ్‌సైట్‌గా మార్చాను. ఒక్కో నోటూ ఒక్కో పేజీ అయింది. ముందుగా ఆయనకే చూపించాను.

"గిదంత నువ్వే రాసినవా తమ్మీ? శభాష్! మన లైబ్రరీ ముచ్చట ఉన్నదా గిండ్ల?"

"ఎందుకుండదు సార్! పైన టైపు చేసి వెతకండి" అని ఫోన్ చేతికిచ్చాను.

ఆయన 'లైబ్రరీ' అని కొట్టి, వచ్చిన మొదటి పేజీ తెరిచారు. పెదవులు కదిలాయి. రెండు మాటలు దాటేసరికి అది నా వాక్యమేనని గుర్తుపట్టాను: "లైబ్రరీలో ఎదుటి ముసలాయన ఒకటో తరగతి పిల్లాడిలా పెదవులు కదుపుతాడు. చదివింది ఏం అర్థమవుతుందో!" ఎప్పుడో విసుగులో నాకోసం రాసుకున్న మాట. మిగతా వాటితో పాటు అదీ పేజీ అయిపోయింది.

చివరిదాకా చదివి ఫోన్ తిరిగిచ్చారు.

"మంచిగ రాస్తవ్ తమ్మీ" అన్నారు.

ఆ పేజీ అక్కడే తీసేశాను. మర్నాడూ ఆయన వచ్చి నా ఎదుటే కూర్చున్నారు. పేపరు తెరిచి, జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని చదవసాగారు. ఇప్పటికీ అలాగే చదువుతున్నారు. కుర్చీ మారదామనిపిస్తుంది కానీ, దానికీ తన పెదవులే కారణమనుకుంటారేమోనని అక్కడే కూర్చుంటున్నాను.