పదునులో విత్తని పొలం

రిటైరవడానికి మూడేళ్ల ముందు నన్ను కమలాపురం మండలానికి వ్యవసాయ విస్తరణాధికారిగా వేశారు. నా ఉద్యోగం సంగతి అడిగావుగా, రాసుకోమ్మా, అది ఖరీఫ్ మొదలు. వాన పడ్డాక నేలలో తడి నిలిచే ఆ నాలుగు రోజుల్నే పదును అంటారు. విత్తనం ఆలోపే పడాలి. ఎవరు విత్తారో, ఎవరు విత్తలేదో పొలం పొలానికీ తిరిగి రాసుకోవడం మా పని.

ఊరంతా శెనక్కాయ విత్తేసింది. ఓబులేసు మూడెకరాలు మాత్రం ఖాళీ. మేం సబ్సిడీ మీద ఇచ్చిన విత్తనం మూటలు వసారాలో కుట్టు విప్పకుండా పడున్నాయి. నాకు ఒళ్లు మండింది. ఇంత బద్ధకమైతే విత్తనాలెందుకు తీసుకున్నావని నలుగురిలో అడిగేశాను. ఆయన నేల చూపులు చూశాడు. పక్క పొలం రైతు నవ్వాడు.

"వానిది కాపలా ఉద్యోగం మేడం. గట్టు మింద కూసోని బీడును కాస్తాండాడు!"

నేనూ నవ్వాను. విత్తని పొలాల ఫారంలో కారణం దగ్గర 'రైతు నిర్లక్ష్యం' అని రాసి పంపాను. ఆ మాట పడితే వచ్చే ఏడు విత్తనాల జాబితాలో పేరుండదు.

మర్నాడు ఆయన భార్య లక్షుమ్మ ఆఫీసుకే వచ్చింది.

"ఏం రాసినావు మేడమ్మా? నెల దినాలుగా ఆ మనిసికి నిద్దర లేదు. తెల్లారి ఎద్దుల్ని తోలుకపోతాడు, గట్టు మింద నిలబడి ఏడ్సి తిరిగొస్తాడు. మట్టికి మూడు తూర్లు పరీచ్చ చేపిస్తిరి. మనిసిని ఒగ తూరన్నా అడిగితిరా?"

భార్యాభర్తలిద్దర్నీ కడప పెద్దాసుపత్రికి తీసుకెళ్లి మానసిక వైద్యుడికి చూపించాను. ఇది సోమరితనం కాదు, జబ్బు, మందులు వాడితే తగ్గుతుంది, కొన్ని వారాలు పడుతుందన్నాడు. ఆ కాగితం పట్టుకుని, రాసింది దిద్దుకుంటానని మా పైఅధికారి దగ్గరికి పోయాను. ఆయన ఫారం తిప్పి చూపించాడు. వాన లేకపోవడం, విత్తనం అందకపోవడం, నిర్లక్ష్యం. మూడే గడులు.

"మనసు బాగలేదని యాడ రాయాలమ్మా? రేపు నాగలికి జరమొచ్చిందని కూడా రాయమంటావా?"

ఆఫీసంతా నవ్వింది. ఎద్దు కుంటితే వైద్యుడు ఊళ్లోకే వస్తాడు. దాన్ని తోలే మనిషి కూలబడితే ఫారంలో గడి కూడా లేదు!

రెండు నెలలకు ఓబులేసు తేరుకున్నాడు. శెనక్కాయకు అదును దాటిపోయింది. ఉలవలు వేశాడు, ఒక్క సాలు వంకర పోలేదు. పోయి నా కళ్లతో చూసొచ్చాను. అయినా జాబితాలోంచి ఆయన పేరు తీసేశారు.

నేను నేర్చుకున్నది ఇంతే. 'నిర్లక్ష్యం' అని రాసే అధికారం మా ఆఫీసులో అందరికీ ఉండేది. దాన్ని కొట్టేసే అధికారం ఎవరికీ లేదు.