పెద్దకత్తెర టీవీ కొన్న వైనం

కొడుక్కి పని నేర్పితే కూడు పెడతాడేమో గానీ, బావమరిదికి నేర్పితే ఎదురుగా కొట్టు పెడతాడు. ఈ మాట ఏ శాస్త్రంలోనూ లేదు. పెద్దకత్తెర అనుభవంలో ఉంది.

పెద్దకత్తెర ముప్పై ఏళ్లుగా సెలూన్ నడుపుతున్న మనిషి. కొట్టంటే పెద్ద కొట్టేం కాదు. రెండు కుర్చీలు, ముందు గోడంతా ఒకటే అద్దం, వెనక గోడకు ఆనించి ఒక బెంచీ. ఆ రెండో కుర్చీ దగ్గర నిలబడి ఆయన చేత మొట్టికాయలు తింటూ పని నేర్చుకున్నవాడే భార్య తమ్ముడు. వీధిలో అందరూ అతన్ని చిన్నకత్తెర అనేవారు. ఏకు మేకై కూర్చుంది. ఆరు నెలల కిందట సరిగ్గా వీధికి ఆ పక్కన, ఏసీ బిగించి, మూడు తిరుగుడు కుర్చీలు వేసి, అద్దం పైన తలుపంత టీవీ పెట్టి చిన్నకత్తెర సొంత సెలూన్ తెరిచాడు.

అప్పటినుంచి పెద్దకత్తెర ఈగలు తోలుకుంటున్నాడు. ఆయన పనికి వంక పెట్టినవాడు లేడు, టీవీ లేదన్న వంక ఒక్కటే. "నీ చెయ్యి మంచిదే మామా, కాదన్లేదు. కానీ ఇవాళ మ్యాచ్ ఉంది," అని బస్సు డ్రైవరు మొహం మీదే చెప్పి రోడ్డు దాటాడు. లెక్కల మాస్టారు మొహమాటస్తుడు కాబట్టి చెప్పకుండా దాటాడు.

అది చాలదన్నట్టు మొన్న బావమరిది స్వయంగా వచ్చాడు.

"ఎందుకు బావా ఈ అవస్థ? నెలాఖరుకి కొట్టు మూసేసి నా దగ్గరికొచ్చెయ్. మూడో కుర్చీ నీకే. ఒకటో తారీఖుకల్లా జీతం నీ చేతిలో ఉంటుంది."

మంచి మనసుతోనే అన్నాడు. అదే గోరుచుట్టు మీద రోకటిపోటు. దువ్వెన పట్టడం నేర్పినవాడి దగ్గరే జీతానికి చెయ్యి చాపడమా! ఆ పూట పెద్దకత్తెరకు ముద్ద దిగలేదు.

"ఏమే, టీవీ కొంటాను," అన్నాడు భార్యతో.

పాపం, ఆవిడది అడకత్తెరలో పోకచెక్క బతుకు. ఇటు మొగుడు, అటు తమ్ముడు. ఎవరు ఓడినా ఏడవాల్సింది తనే. కాసేపు ఇద్దరినీ కలిపి తిట్టుకుని, వంటింటి రేకులు మార్చడానికి దాచిన కవరు తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

"ఇంతే ఉంది. దీని మీద ఒక్క పైసా అడిగినా, వానొచ్చినప్పుడు పొయ్యి దగ్గర గొడుగు పట్టుకుని మీరే నిలబడాలి."

"కొట్టు నిలబడనీ, రేకులేం ఖర్మ, ఏకంగా స్లాబే వేయిస్తా."

"ఆ కోతలేవో కొట్లో కొయ్యండి. ముందు టీవీ తెండి."

టీవీ ఎక్కడ పెట్టాలన్నది పెద్దకత్తెర ఎప్పుడో తేల్చేశాడు. అద్దం పైన పెట్టడానికి ఆయన ప్రాణం ఒప్పుకోదు. పైన టీవీ ఉంటే కుర్చీలో కూర్చున్నవాడు తల ఎత్తుతాడు. తల ఎత్తితే మెడ దగ్గర గీత వంకర పోతుంది. ఎదుటి కొట్లోంచి బయటికొచ్చే మెడల్ని ఆరు నెలలుగా చూస్తూనే ఉన్నాడు, ఒక్కటి తిన్నగా ఉంటే ఒట్టు. అందుకని వెనక గోడకు, బెంచీ పైన పెడతాడు. కూర్చున్నవాడు తల కదపకుండా ఎదురుగా ఉన్న అద్దంలోనే చూసుకుంటాడు. ఆహా, ఏం తెలివి అని తన భుజం తనే తట్టుకున్నాడు.

భుజం తట్టుకుంటే సరా? ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే తెలిసేది. ముప్పై ఏళ్లుగా జనం మొహాల్ని అద్దంలోనే చూస్తున్న మనిషికి అద్దం చేసే అల్లరి గుర్తుకే రాలేదు.

టీవీల దుకాణంలో గోడ నిండా టీవీలు. అన్నింట్లోనూ ఒకటే మ్యాచ్ నడుస్తోంది. పొట్ట మీద టై వేసుకున్న సేల్స్‌మన్ ఎదురొచ్చి, ఫోర్‌కే అన్నాడు, స్మార్ట్ అన్నాడు, ఇంకా ఏవేవో అక్షరాలు వల్లించాడు.

"అవన్నీ ఎందుకు గానీ, ధర చెప్పు నాయనా."

చెప్పాడు. కవరు లాంటివి మూడు కావాలి. దాని పక్కది రెండు కవర్లు. కవరుకు సరిపోయేది ఉంది గానీ, దాంట్లో స్కోరు చూడాలంటే కస్టమర్లకు కళ్లద్దాలు తనే కొనిపెట్టాలి. పోనీ, గుడ్డికన్నా మెల్ల మేలనుకుని, అది అద్దంలో ఎలా కనిపిస్తుందో చూద్దామని పెద్దకత్తెర సంచీలోంచి చేతద్దం తీశాడు. టీవీలకు వీపు తిప్పి నిలబడి అద్దంలోకి చూడసాగాడు.

సేల్స్‌మన్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"సార్, మొహం చూసుకోవాలంటే అటు బాత్రూముంది."

"మొహం కాదయ్యా, టీవీ చూస్తున్నా."

చూస్తూ చూస్తూ గతుక్కుమన్నాడు. స్కోరు తిరగబడి ఉంది! జట్ల పేర్లు తిరగబడి ఉన్నాయి. కుడివైపు ఉరికేవాడు ఎడమవైపు ఉరుకుతున్నాడు. అయ్యో నా తెలివి తెల్లారిపోనూ అనుకున్నాడు. స్కోరు తెలియని మ్యాచ్ చూడటానికి ఎవడొస్తాడు? బస్సు డ్రైవరు నవ్వు చెవిలో వినిపించింది. మూడో కుర్చీ కళ్లముందు గిర్రున తిరిగింది. చెయ్యి దించబోతూ అద్దాన్ని కొంచెం పక్కకు వంచాడు.

మూల ఒక టీవీలో స్కోరు నిక్షేపంగా ఉంది.

కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. ఆ ఒక్క టీవీలోనే అంకెలు తిన్నగా ఉన్నాయి. గిరుక్కున వెనక్కి తిరిగి మామూలుగా చూస్తే, మిగతావన్నీ తిన్నగా ఉండి అది మాత్రం తిరగబడి ఉంది. రిపేరు బల్ల మీద మెకానిక్ దాని ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.

"దాని జోలికి పోకండి సార్," అన్నాడు సేల్స్‌మన్. "బోర్డు మార్చాక బొమ్మ తిరగబడింది. ఎంత చేసినా సరికావట్లేదు."

పెద్దకత్తెర లోపల లడ్డూలు తింటున్నాడు. పైకి మాత్రం మొహం చేదుగా పెట్టాడు.

"ఛీ ఛీ, ఇదేం టీవీ అయ్యా! మనుషులు చూసేదేనా? ఊరికే ఇచ్చినా ఎవరైనా తీసుకెళ్తారా? పోనీ, పడి ఉంటుంది, ఎంతకిస్తావ్?"

కవర్లో సగానికి బేరం తెగింది. తర్వాత తిరిగి తెస్తే తీసుకోబోమని సేల్స్‌మన్ మూడుసార్లు హెచ్చరించాడు. తెస్తే చెప్పు తెగేదాకా కొట్టమన్నాడు పెద్దకత్తెర.

టీవీ బిగించగానే భార్య వచ్చి గుమ్మంలోంచి చూసింది.

"అయ్యయ్యో, అక్షరాలన్నీ తిరగేసి ఉన్నాయి కదండీ! నిలువునా ముంచారు మిమ్మల్ని. నా రేకులు గంగలో కలిపారు!"

ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టి, అద్దం వైపు తిప్పాడు. ఆవిడ చూసింది. వెనక్కి తిరిగి చూసింది. మళ్లీ అద్దంలో చూసింది. తర్వాత కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

వారం తిరక్కుండా బెంచీ నిండింది. కొత్త తంటా ఏమిటంటే, పని అయినా కుర్చీ దిగేవాడు లేడు. కటింగ్ అవగానే గడ్డం అంటాడు. గడ్డం అవగానే తల మర్దనా అంటాడు. కూరగాయల వ్యాపారి ఒకడు చేయించుకోవడానికి ఇంకేమీ మిగలక, మీసం కూడా తీయించేసి, ఆఖరి ఐదు నిమిషాల ఆట కోసం గుండు చేయించుకున్నాడు. ఆ సాయంత్రం అతని పెళ్లాం ఎవరో అనుకుని తలుపు తీయలేదట.

ఇంతలో దుకాణం మెకానిక్ స్క్రూడ్రైవరుతో దిగబడ్డాడు.

"మా ఓనరుగారు పంపారు సార్. పాపం, ముసలాయన మోసపోయాడని ఆయన బాధపడుతున్నారు. దారి దొరికింది, ఐదు నిమిషాల్లో బొమ్మ సరిచేసేస్తా. పూర్తిగా ఫ్రీ."

మొహానికి సగం నురగతో బస్సు డ్రైవరు కుర్చీలోంచి లేచాడు. "ఆ టీవీ మీద చెయ్యి పడిందో, మర్యాద దక్కదు!"

"నాయనా, సరిగ్గా ఉన్నదాన్ని సరిచెయ్యకూడదు," అన్నాడు లెక్కల మాస్టారు నెమ్మదిగా.

మెకానిక్ టీవీని చూసి, అద్దాన్ని చూసి, స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని బెంచీ చివర కూర్చున్నాడు. కటింగ్ చేయించుకునే వెళ్లాడు.

నెలాఖరు రానే వచ్చింది. అదే రోజు ఫైనల్. కొట్లో కాలు పెట్టే జాగా లేదు. ఆట ఇంకో పది నిమిషాల్లో ముగుస్తుందనగా టోపీ పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు చిన్నకత్తెర.

జవాబు అడగడానికే వచ్చాడనుకున్నాడు పెద్దకత్తెర. బెంచీ నిండినా అది నాలుగు వారాల ముచ్చటే కావచ్చు. ఫైనల్ అయిపోతే రేపెవరొస్తారో ఏమో.

"కుర్చీ ఖాళీయేనా బావా?" అన్నాడు చిన్నకత్తెర. వచ్చి కూర్చుని టోపీ తీశాడు.

మెడ మీద జుట్టు మెట్లు మెట్లుగా ఉంది.

"ఓరి దేవుడా! ఎవడ్రా చేసింది?"

"మా పనివాళ్లిద్దరే. ఒకడు ఇటు, ఒకడు అటు. నేను ఓనర్ని కదా, చేతులు వణుకుతాయి వాళ్లకి. బాగుందా అంటే 'సూపర్ సార్' అంటారు. నా షాపులో మూడు కుర్చీలున్నాయి బావా, నా తల పెట్టడానికి ఒక్కటి లేదు."

పెద్దకత్తెర గుడ్డ కప్పి మెడ చుట్టూ బిగించాడు.

"ఆ జీతం మాట మర్చిపో బావా," అన్నాడు చిన్నకత్తెర గొంతు తగ్గించి. "నువ్వు నా దగ్గరికి రావద్దు."

"ఏం, టీవీ చూసి భయపడ్డావా?"

"నీ దానికంటే పెద్ద టీవీయే నాకుంది. నువ్వు జీతానికొస్తే నువ్వూ సార్ అంటావు. ఇక నన్ను తిట్టేదెవరు?"

పెద్దకత్తెరకు ఆరు నెలల కోపం ఎటు పోయిందో తెలియలేదు. వీడు పక్కన లేక ఎంత బెంగపడ్డాడో ఆ క్షణంలోనే తెలిసింది. కళ్లు చెమర్చాయి గానీ, కొట్టు నిండా జనం. నీళ్ల సీసాతో బావమరిది తల తడిపి గట్టిగా కసిరాడు.

"బుద్ధుందిరా వెధవా? ఈ మెడ వేసుకుని ఊళ్లో ఎలా తిరిగావు? మీ అక్క చూస్తే నన్ను చంపేస్తుంది!"

చిన్నకత్తెర హాయిగా కళ్లు మూసుకున్నాడు.

కొట్టు దద్దరిల్లేలా జనం ఒక్కసారి అరిచారు. బస్సు డ్రైవరు మాస్టారిని ఎత్తుకుని గిరగిరా తిప్పుతున్నాడు.

"ఎవరు గెలిచారు బావా?" అన్నాడు చిన్నకత్తెర కళ్లు తెరవకుండానే.

"తర్వాత చూద్దువుగాని," అన్నాడు పెద్దకత్తెర. "ఈ చెవి పక్క ఇంకా మిగిలే ఉంది."