గొంగళి నీడ

మా ఇంట్లో గొంగళి ఎగరేసే విద్య ఉంది. పెద్దారవీడు, మార్కాపురం చుట్టుపక్కల ఊళ్లలో మాలాంటి మంత్రగాళ్ల కుటుంబాలు ఇంకొన్ని ఉన్నాయి. గొర్రె బొచ్చుతో నేసిన నల్ల గొంగళి నేలమీద పరిచి, నాలుగు మూలలా నీళ్లు చల్లి మంత్రం చదివితే లేస్తుంది. వినేవాళ్లకు ఇదేదో వైభోగంలాగా ఉంటుంది. మా గాలి సంఘం చట్టాలు తెలిస్తే ఎవరూ అట్లా అనుకోరు.

ఆ చట్టాలు చేసినవాళ్లు బుర్ర ఎక్కడ పెట్టి వచ్చారో నాకిప్పటికీ అర్థం కాదు. నేలమీద మేము కర్నూలు నుంచి విడిపోయి ప్రకాశం జిల్లాలో కలిసి ఎన్నేళ్లయిందో! గాలిలో మాత్రం ఇంకా కర్నూలు జిల్లానే. ఒంగోలు వైపు ఎగరాలంటే పాత సరిహద్దు దగ్గర దిగి, గొంగళి దులిపి చూపించి, మళ్లీ ఎక్కాలి. రోడ్డు మీద బస్సు పోతుంటే గొంగళి దాన్ని దాటకూడదు. బస్సులో కూర్చున్నవాళ్ల మనసు నొచ్చుకుంటుందట. అన్నిటికంటే దిక్కుమాలింది నీడ చట్టం. గొంగళి నీడ పరాయి చేను మీద పడకూడదు. పడితే సంఘం ఆ ఇంటి మంత్రం కట్టేస్తుంది, ఇక ఆ గొంగళి చలికి కప్పుకోవడానికి తప్ప పనికిరాదు. పొద్దు నడినెత్తిన ఉన్నప్పుడు నీడ సరిగ్గా కిందే పడుతుంది కాబట్టి రోడ్డు వెంబడే పోవాలి. శవానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. శవాన్ని తెస్తున్న గొంగళి ఎవరి చేల మీదుగానైనా అడ్డంగా రావచ్చు. కాకపోతే దారిలో ఎక్కడా ఆగకూడదు.

నీడ చట్టం పెట్టించింది మా నాయన. ఆయన సంఘానికి పెద్ద, ఇప్పటికీ ఆయనే. ఒకసారి ఎవరో మా మిరప కళ్లం మీద గొంగళి ఆపుకుని కబుర్లలో పడ్డారట. కాయలు సరిగ్గా ఎండక తెల్లబారిపోయాయి. ఆ కోపంతో సంఘాన్ని కూర్చోబెట్టి, పంతం పట్టి మరీ చట్టం చేయించాడు. ఆ రోజు మీసం మెలేసుకుంటూ ఇంటికొచ్చాడు.

మొదటి దెబ్బ అమ్మ మీదే పడింది. మాది కౌలు సేద్యం. అమ్మ కంది చేలో కలుపు తీస్తుంటే నాయన పైన గొంగళి ఆపి పట్టేవాడు. ఆమె సాలు వెంట జరిగితే నీడా జరిగేది. పక్క చేలో కూలికొచ్చిన ఆడవాళ్లు, "నీకేందిలే వదినా, మొగుడు ఆకాశంలో గొడుగు పట్టినాడు" అని ఎగతాళి చేసేవాళ్లు. అమ్మ సిగ్గుపడుతూనే, "రాండే, రవ్వంతసేపు కూసుందురు" అని వాళ్లనూ నీడలోకి పిలిచేది. చిన్నప్పుడు నాయన నాకు దేవుడిలా కనబడింది ఆ నీడ వల్లే. చట్టం వచ్చాక అదీ పోయింది. కౌలు చేను మనది కాదు, అదీ పరాయి చేనే అని ఆయనే తీర్పు చెప్పాడు.

"మీ నాయన చట్టం పాడుగాను! ఇంక నేను సచ్చినాకనే గదా, నన్ను చేల మీద అడ్డంగా తీసకపోయేది" అంది అమ్మ. అప్పుడు అందరం నవ్వాం.

పోయినేడు, వానాకాలమని పేరేగాని చినుకు రాలని రోజుల్లో, మిట్టమధ్యాహ్నం అమ్మకు గుండెల్లో నొప్పి వచ్చింది. ఫోన్ చేస్తే అంబులెన్సు ఇంకో ఊరికి పోయిందన్నారు. నాయన గొంగళి పరిచాడు. అమ్మ తల నా ఒళ్లో పెట్టుకున్నాను. పైకి లేవగానే మార్కాపురం పలకల గనుల దిబ్బలు ఎదురుగా కనిపించాయి. మధ్యలో ఉన్నవి చేలే. నాయన గొంగళిని రోడ్డు వైపు తిప్పాడు.

"అడ్డంగా పో నాయనా!"

"నీడ పడతాది తల్లీ."

"పడనీ. ఎవురు చూసినారు?"

"పెద్దను, నేనే చట్టం తప్పితే రేపు ఊళ్లోకి ఏం మొగం పెట్టుకోని పోవాల?"

కొంచెం దూరం పోయామో లేదో, ముందు బస్సు. ఊరు ఊరుకూ ఆగుతోంది. ఒకచోట ఎవరో పత్తి విత్తనాల సంచులు తీరిగ్గా ఎక్కిస్తున్నారు. వెనక గాలిలో మేము నిలబడి ఉన్నాం. నాయనను నోటికొచ్చినట్టల్లా తిట్టాను. కన్నతండ్రిని ఎవరూ అనకూడని మాటలన్నాను. ఆయన వెనక్కి తిరగలేదు.

"అరవాకమ్మా, ఆయన తీరే అంత" అంది అమ్మ. ఆ తర్వాత నా మణికట్టు పట్టుకున్న చెయ్యి మెల్లగా వదులైంది. బస్సు ఇంకా కదల్లేదు.

ఆసుపత్రిలో డాక్టరు చూసి, కాస్త ముందు తెచ్చి ఉంటే బతికేదన్నాడు. నాయన తల వంచుకుని విన్నాడు. బయటికొచ్చి ఆవరణలో మళ్లీ గొంగళి పరిచాడు. అమ్మను పడుకోబెట్టాం. గొంగళి లేచింది, రోడ్డు వైపు తిరగలేదు. తిన్నగా చేల మీదికి పోయింది.

"రోడ్డు అటుంది గదా" అన్నాను.

"ఇప్పుడు పనిలేదమ్మా" అన్నాడు.

ఆయన్ని అక్కణ్ణుంచి కిందికి తోసేయాలనిపించింది. అంత అసహ్యం నాకు ఏ మనిషి మీదా కలగలేదు. అప్పుడే ఎదురుగా మా ఊరి వెనక కొండ కనబడుతోంది. ఇంత దగ్గరా మా ఊరు!

కింద కంది చేలో ఆడవాళ్లు వరసగా కలుపు తీస్తున్నారు. గొంగళి నీడ వాళ్ల మీద పడింది. పైన ఏముందో వాళ్లకు తెలియదు. ఒకామె నడుం పట్టుకుని లేచి, ముఖం పైకెత్తి, "అన్నా, ఎవురో గాని రవ్వంతసేపు ఆపు, సల్లగుంది!" అని కేకేసింది.

నాయన గొంగళి అంచు మీంచి కిందికి చూశాడు.

"ఆపు నాయనా. అమ్మయితే ఆపమనేది" అన్నాను.

శవమున్న గొంగళి దారిలో ఆగకూడదు. నాయన ఆపలేదు.